రిజిస్టర్‌లో లేని ఇల్లు

జనగామలో మా వాడకట్టులోనే కొత్తగా చేరిన పంచాయతీ కార్యదర్శులు ముగ్గురున్నారు. ముగ్గురూ నా మనవరాలి కన్నా నాలుగైదేళ్ళు పెద్ద, అంతే. ఫిబ్రవరి రాగానే వాళ్ళ ముఖాలు వాడిపోతాయి. సాయంత్రం మా ఇంటికి వచ్చి, చాయ్ తాగి, "మేడం, బడ్జెట్ ఎట్ల చేయాలె?" అని అడుగుతారు. నమూనా కాగితాలు నా దగ్గరకన్నా వాళ్ళ దగ్గరే ఎక్కువున్నాయి. కూడికలు కంప్యూటర్ చూసుకుంటుంది. వాళ్ళకు నిజంగా తెలియనిది ఇంకేదో ఉంది. అదేమిటో తెలియక బడ్జెట్ అని అడుగుతున్నారు.

అందుకని ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీల కోసం నేను నిలబడిన గుమ్మాలు ఇందులో ఉండవు. అవి చదివి బాగుపడినవాళ్ళు లేరు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఊళ్ళలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. అందులో ఒక ఊళ్ళో ఇంటి పన్ను నిర్ణయించిన ఏడాది ఒక తప్పు చేశాను. ఎక్కువ భాగం దాని గురించే రాస్తాను.

పోయినేడాది కాగితం

నా మొదటి పోస్టింగ్ తరిగొప్పుల వైపు ఒక చిన్న పంచాయతీ. మొదటి బడ్జెట్ నేను తయారు చేయలేదు, ఎక్కించాను. పోయినేడాది కాగితం ముందు పెట్టుకుని ప్రతి అంకెకూ పదో వంతు కలుపుకుంటూ పోయాను. నాకు ముందున్నాయన కూడా అదే చేశాడని తర్వాత తెలిసింది. ఆయన ముందున్నాయనా అంతే. దారితప్పిన పశువుల్ని కట్టేసే బందెలదొడ్డి ఎప్పుడో నేలమట్టమైంది, దానికి కూడా మా బడ్జెట్‌లో మరమ్మతు ఖర్చు ఏటేటా పెరుగుతూ వచ్చింది.

మండలంలో మా పై అధికారి రాజమల్లు సార్. నెమ్మదైన మనిషి, గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. నా కాగితం చూసి, "ఈ దొడ్డి యాడుందమ్మా?" అని అడిగాడు.

"తెల్వది సార్."

"బోర్లెన్ని ఊర్లె?"

అదీ తెలియదు.

"పో, ఊరంత తిరిగిరా. బోర్లు చూడు, మోరీలు చూడు, ఏ కరెంటు స్తంభానికి లైటు లేదో చూడు. గప్పుడు రాద్దువు గని."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎండలో ఊరంతా తిప్పుతున్నాడని ఆ రోజంతా లోపల తిట్టుకున్నాను. కానీ తిరిగొచ్చేసరికి ఒక సంగతి తెలిసింది. వేసవిలో నీళ్ళ మోటారు ఏటా కాలిపోతుంది, దానికి బడ్జెట్‌లో పైసా లేదు. ఏటా ఎవరో ఒక వార్డు మెంబరు చేతి నుంచి పెట్టుకుని, ఆ తర్వాత ఏడాదంతా ఆ మాట అంటూ తిరుగుతున్నాడు. దొడ్డి కొట్టేసి మోటారు రాశాను. నా ఉద్యోగంలో నేను సొంతంగా రాసిన మొదటి పద్దు అది. ఈనాటికీ అది తలుచుకుంటే నాకు సంతోషంగానే ఉంటుంది.

కట్టేవాళ్ళు, కట్టనివాళ్ళు

ఖర్చు రాయడం తేలిక. ఆదాయం రాసేటప్పుడే చెయ్యి ఆగుతుంది, ఎందుకంటే పంచాయతీకి సొంతంగా వచ్చేది ముఖ్యంగా ఇంటి పన్నే. దాన్ని పెంచమని తీర్మానం చేయాల్సింది ఓట్లడిగి గెలిచినవాళ్ళు. పెంచకపోతే వీధి దీపాల బిల్లు కట్టలేం. పెంచితే రేపు వాళ్ళు వాడలో తిరగలేరు.

ఇంకో సంగతి. మన దగ్గర గడువు చూసి పన్ను కట్టేవాళ్ళు తక్కువ, పని పడినప్పుడు కట్టేవాళ్ళు ఎక్కువ. సర్టిఫికెట్ కావాలంటే కడతారు. ఎన్నికల్లో పోటీ చేయాలంటే బాకీ లేదని కాగితం కావాలి కాబట్టి, నామినేషన్ల వారం వస్తే ఏళ్ళ తరబడి ముఖం చూపనివాళ్ళు కూడా క్యూ కడతారు. ఆ వారం నేను పంచాయతీ ఆఫీసు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. మొండి బాకీలు ఎక్కువగా రెండంతస్తుల మేడలవి. వాళ్ళకు పట్టాలుంటాయి, పాసుపుస్తకాలుంటాయి, పన్ను రసీదుతో వాళ్ళకు పెద్ద పని లేదు.

ఏ పట్టా లేనివాళ్ళ సంగతి వేరు. ఊరి లోపలి స్థలాలకు, మనం గ్రామకంఠం అంటాం కదా, వాటికి చాలామటుకు కాగితాలుండవు. తాతలనాటి నుంచి ఉంటున్నారు, అంతే. వాళ్ళు అక్కడ ఉన్నారని చెప్పే కాగితం ఒకటే, ఇంటి పన్ను రసీదు. నాకు ఈ మాట పుస్తకంలో చదివి తెలుసు. మనసుకు మాత్రం చాలా ఆలస్యంగా ఎక్కింది.

మాఫీ

కేసముద్రం మార్కెట్‌కు పత్తి తోలే ఊళ్ళలో ఒకటి అది. పేరు రాయను. ఆ ఊరి వాళ్ళు ఇప్పటికీ నేను కనబడితే చాయ్ తాగి పొమ్మంటారు, ఆ మర్యాద పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. రోజూ రైల్లో వచ్చి, స్టేషన్‌లో దిగి, ఆటోలో ఊరికి పోయేదాన్ని.

సర్పంచ్ నర్సింహారెడ్డి. నలభై ఎకరాల ఆసామి, మంచివాడు, మంచివాడని నలుగురూ అనాలనే తపన ఇంకాస్త ఎక్కువ. పంచాయతీలో రికార్డులు రాసి పన్ను వసూలు చేసే కారోబార్ సమ్మయ్య. సమ్మయ్యకు ఊళ్ళో ప్రతి ఇల్లూ తెలుసు. ఏ ఇంటి కుక్క కరుస్తుందో కూడా తెలుసు.

ఆ ఏడాది కొత్త నీళ్ళ ట్యాంకు వచ్చింది, దానితో పాటు కరెంటు బిల్లూ పెరిగింది. పన్ను పెంచక తప్పదని బడ్జెట్ మీటింగులో చెప్పాను. మెంబర్లు నేల చూపులు చూశారు. చివరికి సర్పంచే నోరు తెరిచాడు.

"పెంచుదాం మేడం. స్లాబిండ్లకు పెంచుదాం, ముందు నా ఇంటికే పెంచుండ్రి. గని గుడిసెలోళ్ల కాడ ఏం తీసుకుంటం? తాటికమ్మల ఇండ్లకు మొత్తం మాఫీ చేద్దాం."

మెంబర్లందరికీ ఒక్కసారి ప్రాణం లేచి వచ్చింది. సర్పంచ్ ఇంటికి పన్ను పెంచుకున్నాడు, పేదలకు తీసేశాడు, ఇంతకన్నా ఏం కావాలి? తీర్మానం అప్పటికప్పుడు రాశాం. నాకూ సంతోషమైంది. అయితే నా సంతోషానికి ఇంకో కారణం కూడా ఉంది, అది చెప్పకపోతే ఇది రాయడమే దండగ.

ఆ రోజుల్లో మమ్మల్ని కొలిచేది వసూలు శాతంతో. ఊరి నుంచి రావాల్సిన పన్ను ఎంత, వచ్చింది ఎంత. వెనుకబడినవాళ్ళను మండలం మీటింగులో నిలబెట్టి అడిగేవాళ్ళు. ఆ గుడిసెల్లో కొన్ని బాకీ ఉండేవి. అవి రిజిస్టర్‌లోనే లేకపోతే రావాల్సింది తగ్గుతుంది, శాతం పెరుగుతుంది. కొత్త రిజిస్టర్ రాసేటప్పుడు ఆ ముప్పై పైచిలుకు ఇళ్ళూ వదిలేయమని సమ్మయ్యకు చెప్పాను.

అతను పెన్ను ఆపాడు. "నంబర్లు ఉంచి పన్ను కాడ సున్న రాద్దాం మేడం."

"సున్నలు రాయనీకి రిజిస్టర్ ఎందుకు సమ్మయ్యా?" అన్నాను.

అతను తల వంచుకుని రాయడం మొదలుపెట్టాడు. పదేళ్ళ అనుభవమున్న మనిషి చెప్పింది వినకపోవడం నా మొదటి తప్పు. వినిపించుకోనని తెలిసేలా మాట్లాడటం రెండోది. ఒక్క మధ్యాహ్నంలో పని అయిపోయింది. చివరి పేజీలో "ఊరిలోని ఇండ్లన్నింటినీ స్వయంగా పరిశీలించి, ఏ ఒక్కటీ వదలకుండా నమోదు చేయడమైనది" అని రాసి ఉంటుంది. దాని కింద సంతకం పెట్టాను. సర్పంచే ముందు కట్టేసరికి మేడలవాళ్ళూ కట్టక తప్పలేదు, ఆ ఏడాది మా ఊరు నూటికి నూరు శాతం వసూలు చేసింది. మండలం మీటింగులో నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు.

కొమురవ్వ

ఆ గుడిసెల్లో ఒకటి కొమురవ్వది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. బిడ్డకు పెళ్ళి చేసి జఫర్‌గఢ్ పంపింది. మిరపకాయ తెంపడానికీ పత్తి ఏరడానికీ కూలికి పోయేది. ఊరు మొత్తంలో గడువుకు ముందే పన్ను కట్టే మనిషి ఆమె ఒక్కతే. కొంగు ముడి విప్పి, "అందరికన్న ముందు నాది రాయి బిడ్డ" అనేది. సమ్మయ్య రసీదు ఇస్తే మడత పెట్టి జాకెట్లో దాచుకునేది.

మాఫీ అయిన ఏడాది కూడా వచ్చింది. నేనే ఆఫీసులో ఉన్నాను.

"నీకు మాఫ్ అయింది అవ్వా. ఇగ కట్టేది లేదు, పో" అన్నాను, పెద్ద మేలు చేసినట్టు.

"గట్లనా. రసీదు ఇయ్యవా మరి?"

"పన్నే లేనప్పుడు రసీదు ఏంది అవ్వా?"

విప్పిన కొంగు మళ్ళీ ముడి వేసుకుంది. ఏదో అడగాలని ఉంది, ఎలా అడగాలో తెలియలేదు. సరే బిడ్డ అని వెళ్ళిపోయింది. ఆ తర్వాతి ఏడాదీ వచ్చింది. అప్పుడు నేను కొంచెం విసుక్కున్నాను. మూడో ఏడాది రాలేదు.

మూడో ఏడాది వానలకు ఆమె గోడ కూలింది. పాత రసీదులన్నీ గోడ గూట్లో డబ్బాలో ఉండేవట, మట్టిలో కలిసిపోయాయి. బిడ్డ దగ్గరికి పోయి రెండు నెలలుండి, నాలుగు పైసలు పట్టుకుని గోడ లేపుకుందామని తిరిగొచ్చేసరికి, మరిది కొడుకు ఆ స్థలం చుట్టూ హద్దుగా రాతి కడీలు పాతేశాడు. అప్పటికే ఆమె ఇంటి ముందు దారి వెడల్పవుతుందని మాట వచ్చింది, స్థలాలకు రేటు లేచింది. ఆ స్థలం తమ నాయినదని, పెద్దమ్మను జాలిపడి ఉండనిచ్చామని, తన పేరు మీద ఇంటి నంబరు ఇవ్వాలని అతను మా పంచాయతీకే దరఖాస్తు పెట్టాడు. జత చేసిన కాగితం తిప్పి చూశాను. అది నా రిజిస్టర్ నకలు. మూడేళ్ళుగా అక్కడ ఇల్లు లేదని నా సంతకమే చెబుతోంది.

"పాత రిజిస్టర్‌ల ఆమె ఇల్లు ఉన్నది గదా?" అని అతన్ని అడిగాను.

"ఉన్నది మేడం. అప్పుడు ఉండె, తర్వాత ఇడిసిపెట్టి బిడ్డ కాడికి పోయింది. పోలేదంటరా? మరి మీరెందుకు రాయలే?"

విచారణ చేసి చెబుతానని అతన్ని పంపేశాను.

మర్నాడు కొమురవ్వ వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. ఆఫీసు అరుగు మీద కూర్చుని నా వైపు చూసి మెల్లగా అంది.

"పన్ను తీసేసినవనుకున్న బిడ్డ. నన్నే తీసేసినవని నాకు ఎరుక లేదు."

ముప్పై ఏళ్ళలో నన్ను తిట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒక మెంబరు నా మీద కుర్చీ కూడా ఎత్తాడు. వాళ్ళన్న మాటలేవీ నాకు గుర్తు లేవు. ఈ మాట మాత్రం పొల్లుపోకుండా గుర్తుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

రాసివ్వడం

దారి ఒకటే. ఆ మూడేళ్ళూ అక్కడ ఇల్లు ఉంది, ఆమె అందులోనే కాపురముంది, రిజిస్టర్‌లో ఎక్కించనిది నేను అని రాసివ్వాలి. అంటే నేను తప్పుడు సంతకం పెట్టానని నా చేత్తో నేనే రాసుకోవడం. నూటికి నూరు శాతం కూడా అబద్ధమని తేలుతుంది.

సర్పంచ్ దగ్గరికి పోయాను. ఆయన తల పట్టుకున్నాడు. "మేడం, గా పిలగాడు మా పాలోనికి, దాయాదికి, దోస్తు. ఊరుకుంటే వాళ్లే పంచాయితీ పెట్టుకుని తెగ్గొట్టుకుంటరు. మీరెందుకు పరేషాన్ అయితరు?"

నిజం చెబుతాను, వారం రోజులు నేను ఆ సలహాను మనసులో తిప్పాను. పంచాయితీ పెడితే కొమురవ్వ పక్కన నిలబడి మాట్లాడే మగవాళ్ళు ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా తిప్పాను. మా ఆయనకు ఆ ఏడాదే గుండె ఆపరేషన్ అయింది, సస్పెండ్ చేస్తే ఇల్లెలా నడుస్తుందన్న భయం ఒకటి. భయపడటం తప్పని మీకు చెప్పను. భయం ఉంటుంది.

అప్పటికి రిటైరై హనుమకొండలో ఉంటున్న రాజమల్లు సార్‌కు ఫోన్ చేశాను. మొత్తం విన్నాడు. 

"ఆమెకు ఆ జాగ కాకుండ ఇంకేమన్న ఉందా అమ్మా?"

"లేదు సార్."

"నీకు?"

నాకు ఉద్యోగం ఉంది, జనగామలో ఇల్లుంది. 

"రాసియ్యి. మెమో వస్తది, వస్తే రానియ్యి. మెమోకు జవాబు రాయొచ్చు" అన్నాడు.

మర్నాడు పొద్దున రైల్లోనే రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి, మళ్ళీ ఆఫీసులో సాపు రాశాను. సమ్మయ్య సాక్షి సంతకం పెట్టాడు. "నేను అప్పుడే చెప్పిన" అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

విచారణకు మండలం నుంచి వచ్చారు. పక్కిళ్ళ ఆడవాళ్ళను అడిగారు. ఒకామె ఎదురు అడిగింది, "ఆమె ఇంట్ల లేకుంటే మరి పొద్దుగాల మా ఇంటికి నిప్పుకొచ్చింది ఎవలు సారూ?" అని. విచారణ నివేదికలో ఆ మాట ఎక్కలేదు కానీ, పని చేసిందని నా నమ్మకం. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు పోయింది. ఇల్లు నడిచింది. కొమురవ్వ నంబరు ఆమెకే తిరిగి ఇవ్వాలని రాశారు. మరిది కొడుకు కోర్టుకు పోతానన్నాడు, పోలేదు. వెనక పెరట్లో కొంత ముక్క మాత్రం కడీలు తీయకుండా ఉంచుకున్నాడు. అది నేను ఆమెకు ఇప్పించలేకపోయాను. ఆ లెక్క నా మీదే ఉంది.

గుడిసెకు ఎంత?

వదిలేసిన ఇళ్ళన్నీ మళ్ళీ రిజిస్టర్‌లోకి ఎక్కించాలి కాబట్టి, మరుసటి బడ్జెట్‌లో వాటికి పన్ను ఎంతో గ్రామసభలో పెట్టాం. బడి ఆవరణలో జనం బాగానే వచ్చారు. సర్పంచ్ ఈసారీ మంచివాడనిపించుకోవాలనే చూశాడు.

"పేరుకు పది రూపాయలు పెడదాం. ఏమంటరు?"

అందరూ సరే అన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి కొమురవ్వ లేచింది.

"పదేంది పటేలా? ముందుగాల ఎంతుండెనో గంతే రాయుండ్రి. పది రూపాయల ఇల్లంటే రేపు ఎవడన్న వచ్చి ఇది కొట్టం అంటడు."

కొందరు నవ్వారు. పక్క గుడిసెల వాళ్ళు నవ్వలేదు. ఒకరి తర్వాత ఒకరు, మాకూ అంతే రాయండి అన్నారు. నేను చూసిన అన్ని సభల్లోనూ పన్ను తగ్గించవద్దని జనం అడిగింది ఆ ఒక్కసారే. తీర్మానం రాశాను. ఆ ఏడాది మా వసూలు నూటికి నూరు కాలేదు. మండలం మీటింగులో నిలబెట్టి అడిగారు. నిలబడ్డాను.

కాబట్టి, పిల్లలూ, పేదలకు పన్ను తగ్గించండి, వద్దనను. కానీ తగ్గించే ముందు ఆ కాగితం వాళ్ళకు ఇంకేం పనికొస్తుందో వాళ్ళనే అడగండి. ఊరంతా తిరగండి. మీ కారోబార్ పెన్ను ఆపితే మీరూ ఆగండి. శాతం కోసం ఏదైనా చేయాలనిపించినప్పుడు, దాని కింద ఎవరి గోడ ఉందో చూడండి.

సభ అయిపోయాక కొమురవ్వ ఆఫీసుకు వచ్చింది. కొంగు ముడి విప్పి డబ్బు బల్ల మీద పెట్టింది. ఒక్క ఏడాదిది కాదు, వదిలేసిన మూడేళ్ళదీ కలిపి తెచ్చింది. మాఫీ తీర్మానం ఉంది, అది తీసుకోవడానికి వీల్లేదని చెప్పాను.

"నడుమ మూడేండ్లు నేను యాడున్న మరి?" అంది.

ఈ ఏడాదిది మాత్రం సమ్మయ్యతో రసీదు రాయించాను. ఆమె చదువుకోలేదు. రసీదు నా ముందు పెట్టి, "యాడుంది నా పేరు?" అని అడిగింది. వేలు పెట్టి చూపించాను. రిజిస్టర్‌లోనూ చూపించమంది. అక్కడా చూపించాను. ఆ గీత మీద తన వేలు ఆనించి కాసేపు అలాగే ఉంచింది.

"ఇగ తీసేయరాదు గదా బిడ్డ?"

"రాదు అవ్వా" అన్నాను.

అది అబద్ధం. ఆమెను తీసేయడానికి నాకు ఒక్క మధ్యాహ్నం సరిపోయింది. ఇప్పుడు ఆ కుర్చీలో మీరు కూర్చున్నారు.